కంప్యూటర్ అన్నాక రొద పెట్టాలి

నా భార్య ఎడెల్మీరా చేసిన కంప్యూటర్లు చెడిపోవు. ఆమె చేసిన తప్పు అదే. బతికినన్నాళ్ళూ దిద్దుకోలేదు. ఇప్పుడు దిద్దుకునే వీలు లేదు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. మా ఊరు పోసో రెదోందోలో ఎవరినైనా అడిగి చూడండి, ఎడెల్మీరా ఎవరని. తెలియదంటారు. ఇంతకన్నా రుజువేం కావాలి?

కంప్యూటర్ అన్నాక వేడెక్కాలి. రొద పెట్టాలి. వారానికోసారి చావాలి. ఈ మూడూ లోపాలని చదువుకున్నవాళ్ళు అంటారు. నేను చదివింది పల్లెబడిలో ఆరు తరగతులు. అందుకే నాకు కళ్ళముందున్నది కనిపిస్తుంది. ఈ మూడూ వరాలు!

నమ్మరా? మా వీధి చివర యోస్వానీని చూడండి. ముప్పై అయిదేళ్ళవాడు, లావుపాటివాడు, ఎప్పుడూ నవ్వుతుంటాడు. వాడూ కంప్యూటర్లు బిగిస్తాడు. పాత రష్యా బట్టలుతికే మిషన్లో మోటారు పీకి, దానికి రేకు రెక్కలు తగిలించి, ఫ్యాన్ అని పేరుపెట్టి పెట్టెలో కూర్చోబెడతాడు. ఆ మోటారు పుట్టింది తడి దుప్పట్లు పిండడానికి. దానికి వేరే పని తెలియదు. స్విచ్ వేయగానే పెట్టెలో దుప్పటి కోసం వెతుకుతుంది.

మా పక్కింటి నెరేయిదా పెళ్ళి కేకులు చేసి అమ్ముతుంది. ఆర్డర్లు రాసుకోవడానికి యోస్వానీ చేత ఒక కంప్యూటర్ చేయించుకుంది. అది మొదటిరోజే బల్ల దిగింది. గది దాటింది. వసారాలోకి వచ్చి, వైరు అందక గడప దగ్గర ఆగి, వీధికేసి చూస్తూ నిలబడింది. నెరేయిదా మొగుడి బెల్టు తెచ్చి దాన్ని కిటికీ ఊచకు కట్టేసింది. ఇప్పుడు ఆయన ప్యాంటు చేత్తో పట్టుకుని నడుస్తాడు. కంప్యూటర్ మాత్రం నడవదు. సంసారమన్నాక ఎవరో ఒకరు సర్దుకోవాలి కదా?

ఇక వేడి సంగతి. గ్యాస్ రాని నెలలో మా వీధి మొత్తం నల్ల చిక్కుడు గింజలు ఉడకబెట్టుకున్నది ఆ కంప్యూటర్ మీదే. కేకు ఆర్డరు ఇవ్వడానికి ఎవరైనా వస్తే, "కాసేపు కూర్చోండమ్మా, గింజ ఇంకా మెత్తబడలేదు" అనేది నెరేయిదా. గిన్నె దించితేనే కంప్యూటర్ తెరవడం కుదిరేది. ఒక పెళ్ళికి కేకు రెండు రోజులు ఆలస్యమైంది. చిక్కుళ్ళు మాత్రం వేళకు అందాయి. అతిథులెవరూ ఫిర్యాదు చేయలేదు.

రొదలో ఇంకో మేలుంది. చాలాసేపటికి కరెంటు వస్తే యోస్వానీ కంప్యూటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఊరు అదురుతుంది. మా చెరకు మిల్లు మూతపడి ఇరవై ఏళ్ళు. ఆ మోత వినగానే ముసలి కార్మికులు గబగబా చొక్కాలు తొడుక్కుని, అన్నం క్యారియర్లు పట్టుకుని మిల్లు గేటు దాకా పోతారు. గేటుకి తాళం చూసి తిరిగొస్తారు. ఈ వయసులో వాళ్ళకి ఇంత నడక ఏ డాక్టరు చెప్తే చేస్తారు?

మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఆ రొద చాలా సాయం చేసింది. ఒకరన్నది ఒకరికి వినపడదు. యోస్వానీ కంప్యూటర్ ఉన్న ఇంట్లో అయిదేళ్ళుగా విడాకులు లేవు. అడగాలంటే అరవాలి. అరిచే ఓపిక ఎవరికుంది?

ఇప్పుడు నా భార్య చేసిన ఘనకార్యం చూడండి.

రేడియోలు బాగుచేసే వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. ఆ వర్క్‌షాపు మూసేశాక ఇంట్లో కంప్యూటర్లు కట్టడం మొదలుపెట్టింది. పెట్టెకు పాత ఫ్రిజ్ తలుపు రేకు. చిన్న ఫ్యాన్లు నాలుగు పెట్టే చోట పెద్దది ఒక్కటే, నెమ్మదిగా తిరిగేది. "చిన్నవి గబగబా తిరిగి అరుస్తాయి, పని జరగదు" అనేది. అంటూ నాకేసి ఎందుకు చూసేదో తెలియదు.

డిస్కును స్క్రూలతో బిగించేది కాదు. సైకిలు ట్యూబు రబ్బరు పీలికలు నాలుగు కట్టి, వాటిలో ఉయ్యాల వేసేది. అది అదిరినా పెట్టెకు తెలిసేది కాదు. గాలి లోపలికి పోయే చోట తన పాత మేజోడు బిగించేది, దుమ్ము పోకుండా. వేడి లాగడానికి చిప్ మీద రాసే పేస్టు బియ్యపుగింజంత. అంతకు మించి రాస్తే తప్పనేది, అంతకు తగ్గితే నేరమనేది. కరెంటు పోతే ఆగకుండా కింద ఒక కారు బ్యాటరీ.

అంతా అయ్యాక మూడు రోజుల పరీక్ష. ఊగే కుర్చీ పక్కకు లాగేసి, నేలమీద కూర్చుని, పెట్టెకి చెవి ఆనించి వినేది. గోడ గడియారం ఆపేది. నేను వేయించిన అరటికాయ ముక్క నోట్లో పెట్టుకోగానే చెయ్యెత్తేది.

"బాసిలియో, నమలకు. వింటున్నాను."

"ఏం వినపడుతోంది?"

"నువ్వు."

నేను నమలడం ఆపేవాణ్ణి. ముప్పై ఏళ్ళ కాపురంలో కరకరలాడే అరటికాయ తిన్నట్టు గుర్తులేదు. చిన్నగా గుర్రుమన్నా పెట్టె మళ్ళీ విప్పేది. ఏమీ వినపడకపోతే, అప్పుడు లేచి, చేతులు కడుక్కుని, కాఫీ పెట్టేది.

అలా ఇరవై మూడు చేసింది. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆ మాట కాస్త జాగ్రత్తగా చదవండి. ఒక్కటీ తిరిగి రాలేదు అంటే, తీసుకువెళ్ళినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదని!

యోస్వానీ ఇంటికేసి చూడండి. పొద్దున లేస్తే వాకిట్లో పదిమంది. ఒకడి చేతిలో చేమదుంపలు, ఒకావిడ చేతిలో జామపండు హల్వా, ఇంకొకరి సంచిలో సగం కోడి. మిగతా సగం వచ్చేవారం, ఎందుకంటే కంప్యూటర్ వచ్చేవారం కూడా చెడుతుంది. రిపేరు అయ్యేదాకా డామినో బిళ్ళలు ఆడతారు. రిపేరు అయ్యాక కూడా ఆడతారు. వాడికి పెళ్ళయింది కూడా ఒక రిపేరుతోనే. ఆ పిల్ల కంప్యూటర్ నెలలో నాలుగుసార్లు చచ్చింది. అయిదోసారి పెట్టెతో పాటు తనూ వాళ్ళింట్లో ఉండిపోయింది. మన్నికైన కంప్యూటర్ ఇచ్చి ఉంటే వాడు ఇంకా బ్రహ్మచారే!

వాడికి అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి వరండాలో అరవై మంది. నర్సు తలుపు తీయగానే అందరూ ఒకటే ప్రశ్న, వాడు మళ్ళీ స్క్రూడ్రైవర్ పట్టుకోగలడా అని. బతికున్నాడా అన్న సంగతి తర్వాత అడిగారు. అయినా అడిగారు!

మా తలుపు ఎవరూ తట్టలేదు. ఈ దేశంలో ఏ ఇంట్లోనూ రేషన్ కాఫీ పొడి నెలాఖరు దాకా ఉండదు. మా ఇంట్లో మిగిలేది.

నేను చెప్పకపోలేదు. ఒకసారి కాదు, వందసార్లు చెప్పాను.

"ఒక్క స్క్రూ వదులుగా ఉంచవే. ఏడాదికోసారైనా జనం వస్తారు."

"వచ్చి?"

"పలకరిస్తారు."

"వాళ్ళు పలకరిస్తుంటే నేనెప్పుడు వినేది?" అని మళ్ళీ పెట్టెకి చెవి ఆనించింది.

పోయిన మార్చిలో ఎడెల్మీరా చనిపోయింది. గుండె. ముందుగా ఏ చప్పుడూ చేయలేదు.

శవాన్ని రాత్రంతా ఉంచి జనం కాపలా కూర్చునే మా ఊరి శవజాగారం ఇంట్లో పెట్టాం. గోడల వెంట ఊగే కుర్చీలు నలభై ఉన్నాయి. పదకొండు నిండాయి. ఆ పదకొండులో నాలుగు సీలింగ్ ఫ్యాన్ కింద ఉన్నందుకు నిండాయి. పూలచక్రాలు రెండు వచ్చాయి. ఒకటి నాది. రెండోది పక్కగది శవానికి రావలసింది. మధ్యాహ్నం వచ్చి క్షమించమని తీసుకుపోయారు.

పూలచక్రం మీద పేరున్న రిబ్బను వేస్తారు. ఆ రిబ్బను అచ్చువేయించడానికి ఆఫీసు గదిలోకి వెళ్ళాను. లిసెత్ అని ఒక చిన్నమ్మాయి కూర్చుని ఉంది. ఆమె కాళ్ళ దగ్గర లేత ఆకుపచ్చ పెట్టె. అది మా పాత ఫ్రిజ్ తలుపు. హ్యాండిల్ ఊడిన చోట రెండు రంధ్రాలు కూడా అలాగే ఉన్నాయి.

"ఈ కంప్యూటర్ ఎవరు చేశారమ్మా?" అన్నాను.

లిసెత్ వంగి దానికేసి మొదటిసారి చూసినట్టు చూసింది. "దీన్నెవరూ చేయలేదు తాతా. ఇది మొదట్నుంచీ ఇక్కడే ఉంది."

పదకొండేళ్ళుగా ఊళ్ళో చచ్చిన ప్రతివాడి పేరూ రిబ్బను మీద వేసిన పెట్టె అది. చేసినావిడ పేరు కూడా వేసింది. ఒక్క అక్షరం తడబడలేదు. పేపరు ఇరుక్కోలేదు. నాకది చాలా బాధ కలిగించింది. నాలుగు నిమిషాలు మొరాయించినా బాగుండేది!

నేను ఏడవలేదు. ఒక నిర్ణయానికి వచ్చాను.

మా ఊరి పుట్టినరోజు అక్టోబరులో. ఆ రోజు కల్చర్ హౌస్ వాళ్ళు, అంటే ఊరి సభలూ పండగలూ జరిపేవాళ్ళు, ఊరికి మేలు చేసినవారికి డిప్లొమా అని ఒక గౌరవపత్రం ఇస్తారు. చనిపోయినవారికైనా ఇస్తారు, ఆ పేరు గోడమీద చట్రంలో ఉండిపోతుంది. ఎవరికివ్వాలో ఊరు చేతులెత్తి తేలుస్తుంది. ఆ ఏడాది యోస్వానీకే అని అందరూ అనుకుంటున్నారు. నాకు ఆ గోడమీద ఎడెల్మీరా పేరు కావాలి. ఈ లోకంలో ఇక నాకు కావలసింది అదొక్కటే. కానీ ఆమె ఎవరో ఎవరికీ తెలియదు.

తెలియాలంటే ఏం కావాలి? ఒక్కటైనా చెడిపోవాలి! చెడితే తిడతారు. తిడితే ఎవరు చేశారని అడుగుతారు. అడిగితే నేను చెప్తాను.

స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని మళ్ళీ శవజాగారం ఇంటికి వెళ్ళాను. దుమ్ము దులపడానికి వచ్చానన్నాను. లిసెత్ భోజనానికి లేచింది.

ముందు ఫ్యాన్ పీకాను. కంప్యూటర్ నడుస్తోంది. పెట్టె పైన పొయ్యిగొట్టంలా ఖాళీ వదిలింది ఆవిడ, వేడి దానంతటదే పైకి పోతోంది. ఒక రబ్బరు పీలిక తెంపాను. మిగతా మూడూ డిస్కును పట్టుకున్నాయి. మేజోడు లాగేశాను. తేడా లేదు. గోడలోంచి ప్లగ్గు పీకాను. బ్యాటరీ అందుకుంది. ఆ గొట్టం మూతికి నా టోపీ అడ్డం పెట్టి ఊపిరాడకుండా చేశాను. కాస్త నెమ్మదించి, మళ్ళీ తన పని తాను చేసుకుంది. అప్పుడు దానికి తల ఆనించి, "ఇంత మొండితనమేమిటే!" అన్నాను. ఏమీ వినపడలేదు. అరగంట అలాగే విన్నాను. ఏమీ వినపడలేదు.

ఇక చేతకాక ఫ్యాన్ మళ్ళీ బిగించాను. తెగిన పీలిక ముడివేశాను. మేజోడు దులిపి, సబ్బుతో ఉతికి, ఆరబెట్టి తగిలించాను. లిసెత్ వచ్చి పెట్టెమీద చెయ్యి పెట్టి చూసింది.

"అబ్బ, ఇంకా చల్లబడిందే! ఈ పెట్టెలు చేసేది నువ్వేనా తాతా?"

"నేను కాదు. నా భార్య."

"పెద్దవాళ్ళెప్పుడూ ఇంతే, ఒప్పుకోరు" అని నవ్వేసింది.

ఆ పెట్టెలు చేసేది బాసిలియో అని మర్నాటికి ఊరంతా పాకింది. జనం ఇళ్ళకు పరుగెత్తి బల్లల కింద వెతుక్కున్నారు. మందుల షాపువాడికి ఒకటి దొరికింది, వాడు దాన్ని అలమర అనుకున్నాడు. బడిలో ఒకటుంది, టీచరమ్మ ఏడేళ్ళుగా దానిమీద పూలకుండీ పెడుతోంది. ఏడేళ్ళుగా అది ఆన్‌లోనే ఉంది. ఇరవై మూడులో పంతొమ్మిది దొరికాయి. మిగతా నాలుగూ ఎక్కడో పనిచేస్తూనే ఉంటాయి, వాటి ఖర్మ!

ఊరి సమావేశంలో నేను లేచి ఎడెల్మీరా పేరు చెప్పబోయేలోగా ఎవరో నా పేరు చెప్పారు. చేతులు లేచాయి. అందరికన్నా ముందు లేచినవి యోస్వానీవి, రెండూ.

"బాబాయ్, నీ పెట్టె మా ఇంట్లో కూడా ఉంది. నా సొంత పనులన్నీ దానిమీదే చేసుకుంటా."

"మరి నువ్వు చేసినవి?"

"వాటిమీద పని ఎట్టా అవుద్ది బాబాయ్? నువ్వే చెప్పు!"

"చేసింది నేను కాదురా. మీ పిన్ని."

"నీకు ఆవిడ మీద ఎంత ప్రేమ బాబాయ్!" అని నన్ను కావలించుకున్నాడు. వాడి భుజంలోంచి నా మిగతా మాట బయటికి రాలేదు.

డిప్లొమా రోజు పార్కులో వేదిక కట్టారు. రెండు వందల మంది. మైకు నడిపేది యోస్వానీ కొత్త కంప్యూటర్, మూడు బెల్టులతో దీపస్తంభానికి కట్టేశారు. ఆ ముగ్గురు మొగుళ్ళూ ముందు వరసలో ప్యాంట్లు పట్టుకుని కూర్చున్నారు. నేను వేదిక ఎక్కాను. మైకు పట్టుకున్నాను.

"ఇవి చేసింది నేను కాదు. నా భార్య ఎడెల్మీరా కొర్దెరో."

నా గొంతు నాకే వినపడలేదు. మోటారు దుప్పటి కోసం వెతుకుతోంది. మళ్ళీ చెప్పాను. అరిచి చెప్పాను. యోస్వానీ కేసి తిరిగి, ఆపమని చేత్తో సైగ చేశాను. వాడు నా చెవిలో అరిచాడు.

"ఆపితే మైకు కూడా ఆగిపోద్ది బాబాయ్!"

రెండు వందల మంది నా పెదవులు కదలడం చూశారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కిందకు దిగితే నెరేయిదా కళ్ళొత్తుకుంటోంది.

"ఎంత బాగా మాట్లాడావన్నా!"

"ఏం వినపడింది నీకు?"

"ఒక్క ముక్క వినపడలా. కానీ ఇక్కడ తగిలింది" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

ఇంటికొచ్చి డిప్లొమా మీద నా పేరు కొట్టేసి ఆమె పేరు రాశాను. కొట్టివేతలున్న డిప్లొమా చెల్లదని కల్చర్ హౌస్ వాళ్ళు తిప్పి పంపారు. గోడమీద వేరేది చట్రం కట్టి పెట్టారు. అందులో ఉన్నది నా పేరు. అచ్చు చక్కగా వచ్చింది, ఎడెల్మీరా చేసిన కంప్యూటర్ మీదే వేశారు కాబట్టి.

రొద వరమని పైన రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోను. వేడి మంచిది. చెడిపోవడం మంచిది. ఊరికి ఇవన్నీ కావాలి. ఒక ఆడమనిషి పేరు పలకడానికి ఎంత సేపు పడుతుందో, అంత సేపు మాత్రం ఈ ఊరు నోరుమూసుకుని ఉంటే చాలనుకున్నాను. దొరకలేదు.

ఎడెల్మీరా కొర్దెరో. రాసినదాన్ని ఏ మోటారూ మింగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చదివినవాళ్ళు చదివారు, లేనివాళ్ళు లేదు. ఈ సంగతి నేను మళ్ళీ ఎత్తను. దీని గురించి అడగడానికి మా ఇంటికి రాకండి. తలుపు తట్టినా తియ్యను.